కిరాయి ఇంటికి కాపలా

ఆ పొద్దున మల్లేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి ఓనరు లింగమ్మ వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గేసి, చాయ పెట్టుకోవడానికి లోపలికి పోతుంది. ఆమె మళ్ళీ బయటికొచ్చేలోగా చెప్పులు చేతపట్టుకుని గేటు దాటాలి. రెండు నెలల కిరాయి బాకీ పడ్డవాడు అంతకన్నా పెద్ద పథకాలు వెయ్యలేడు. అతనిది ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో పెట్టెలు సరిచూసే ఉద్యోగం. పాత కాంట్రాక్టరు పోయి కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. జీతాలు నువ్వియ్యాలంటే నువ్వియ్యాలని వాళ్ళిద్దరూ వాదించుకుంటున్నారు. న్యాయం ఎవరివైపున్నా ఖాళీ జేబు మాత్రం మల్లేశ్వర్‌దే.

కానీ ఆ రోజు లింగమ్మ ఇంట్లో పాలు విరిగాయి. కొత్త పాకెట్ కోసం ఆమె గేటు తీసేసరికి, కిరాయిదారు మునివేళ్ళ మీద ఎదురొచ్చాడు.

"ఏందిర మల్లేశు, చెప్పులు చేతులకేసుకున్నవ్?"

"ఏం లేదు పెద్దమ్మా... చప్పుడైతె నువ్వు లేస్తవని..."

"నేను కోడి కూయక ముందే లేస్త. నువ్వు నాకు దొరకకుంట పోతున్నవ్, నాకు తెల్వదా? రెండు నెల్లు సూశిన. ఇగ నాతోని కాదు. ఐతారం వరకు ఇల్లు ఖాళీ జెయ్యి. లేకుంటె నా తాళం నేనేసుకుంట."

లింగమ్మ చెడ్డ మనిషేం కాదు, మొగుడు లేని మనిషి. జొన్నలు పండే చెలక ఒక్కటుంటే అది ఎయిర్‌పోర్టు కిందికి పోయింది. వచ్చిన డబ్బుతో కొడుకు లారీ కొన్నాడు, ఆ లారీ అప్పులవాళ్ళకు పోయింది, కొడుకు పని వెతుక్కుంటూ ఊరు దాటిపోయాడు. మిగిలింది ఈ ఇల్లు. సగంలో తనుండి, సగం కిరాయికిచ్చింది. ఇప్పుడు ఆమెకు పంటైనా పైరైనా ఆ కిరాయే. ఇల్లిచ్చేటప్పుడు కాగితం రాసుకోలేదు. "మాటుంటె సాలదా కొడుకా?" అని ఆమె అంటే, "సాలు పెద్దమ్మా" అని ఇతనన్నాడు. మంచి రోజుల్లో అన్న మాటలు చెడ్డ రోజుల్లో ఎంత తేలిపోతాయో మల్లేశ్వర్‌కు ఇప్పుడు తెలిసింది.

ఎయిర్‌పోర్టు వచ్చిన మూడేళ్ళలో శంషాబాద్‌లో కిరాయిలు అందకుండా పోయాయి. కొత్త ఇంటికి అడ్వాన్సు ముందు పెట్టాలి, అదెక్కడుంది? కూతురి బడి ఈ సందు చివరే. ఇక్కణ్ణుంచి కదిలితే పిల్ల చదువూ తన డ్యూటీ రెండూ ఆగమైపోతాయి. గేటు దాటి చాలా దూరం పోయాక గాని చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయని అతను చూసుకోలేదు.

"కాగితం లేదా? అయితె ఒడిసింది పో," అన్నాడు తోటి ఉద్యోగి అరుణ్‌కుమార్. ముందు భయపెట్టి, తర్వాత ధైర్యం చెప్పడం అతని అలవాటు. ఆ సాయంత్రమే మల్లేశ్వర్‌ను బండెక్కించుకుని, బస్టాండు దగ్గరున్న తన ఎరుకలోని వకీలు అనుపమ దగ్గరికి తీసుకుపోయాడు.

అనుపమ అంతా నిదానంగా విన్నది. "కాగితం లేకపోయినా మీరు కిరాయిదారేనండీ. నెలనెలా మీరిచ్చారు, ఆవిడ తీసుకున్నారు, అది చాలు. మిమ్మల్ని బలవంతంగా గెంటెయ్యకూడదు, సామాను బయట పడెయ్యకూడదు, నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. ఖాళీ చేయించాలంటే ఆవిడ కోర్టుకెళ్ళాల్సిందే."

మల్లేశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఒకటి. బాకీ ఇలాగే పెడితే ఆ కోర్టులో ఓడిపోయేది మీరే. జీతం రాగానే ముందు బాకీ కట్టండి, రసీదు తీసుకోండి. అసలు ఇవాళే వెళ్ళి ఆవిడతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి."

ఈ రెండో ముక్క మల్లేశ్వర్ చెవికెక్కలేదు. అప్పటికే అరుణ్‌కుమార్ లేచి, భుజం పట్టి మెట్లు దింపుతున్నాడు.

"మేడం జెప్పింది చట్టం. నేను జెప్పేది లోకం, జర ఇను. నువ్వు డ్యూటీకొచ్చినంక ఆమె తాళమేసిందనుకో. నువ్వు బయట, నీ సామాను లోపట. కోర్టు తీర్పు వచ్చేటాలకు నీ బిడ్డ పెండ్లి గూడ అయితది. అందుకని ఇంట్ల ఎప్పటికీ ఒక మనిషుండాలె. ఇంకొకటి, ఇంటి ముంగట నిలబడి ఫోటోలు దిగుండ్రి. డోరు నంబరు పడాలె. రేపు సాక్ష్యమంటే అదే."

మర్నాడు పొద్దున మల్లేశ్వర్ తన భార్య సంతోషిని, కూతురిని తలుపు ముందు నిలబెట్టి సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీశాడు. నంబరు పడలేదని వెనక్కి జరిగాడు. గోడ పడలేదని పక్కకు జరిగాడు. గోడంతా పట్టాలంటే రోడ్డు మీదికి పోక తప్పలేదు.

ఇదంతా లింగమ్మ కిటికీలోంచి చూసింది. ఆమె అనుభవంలో ఎవరైనా జాగా ముందు నిలబడి ఫోటోలు తీశారంటే ఆ జాగా చేతులు మారినట్టే. చెలక పోయేముందు కూడా మొదట వచ్చినవాళ్ళు ఫోటోలు తీసేవాళ్ళే. వెంటనే మహేశ్వరంలో ఉన్న తమ్ముడు సోమయ్యకు ఫోన్ చేసింది.

"తమ్ముడా, కిరాయోడు ఇల్లు అమ్ముకుంటున్నట్టున్నడు. కాగితం గూడ రాసుకోకపోతిని. ఇది నాది గాదంటె నేనేం జూపియ్యాలె?"

మధ్యాహ్నానికల్లా సోమయ్య కర్రతో సహా దిగాడు. గేటు పక్కన నీడ చూసుకుని నులకమంచం వేశాడు. ఆ నీడలోనే నల్లా ఉంది. అతనికి కావలసింది నీడే గాని, నల్లాతో పనిలేదు.

"మనిషిని దింపింది," అన్నాడు మల్లేశ్వర్ తలుపు సందులోంచి చూసి. వెంటనే షాద్‌నగర్ అవతల ఊళ్ళో ఉన్న తల్లి దుర్గవ్వకు ఫోన్ చేశాడు. కొడుకు గొంతులో వణుకు విన్న దుర్గవ్వ ఎందుకని అడగలేదు. బస్సెక్కి వచ్చేసింది. పట్టణంలో తిండి ఎట్లా ఉంటుందోనని ఒక సంచి జొన్నలు, ఒక బొంత కూడా తెచ్చింది.

"చుట్టపు చూపుకొచ్చెటోళ్ళు సంచెడు జొన్నలు తెచ్చుకుంటరా తమ్ముడా? ఇగ కదిలెటట్టు లేరు," అని లింగమ్మ లోపల కన్నీళ్ళు పెట్టుకుంది.

నల్లా పక్కన కర్రతో కూర్చున్న మనిషిని చూసి సంతోషి ఒక్కటే అనుకుంది. నీళ్ళు ఆపడానికే కూర్చున్నాడు. అతను నిద్రలోకి జారగానే బిందెలు నింపింది, బకెట్లు నింపింది, గిన్నెలు, కుక్కరు, చివరికి పిల్ల టిఫిన్ డబ్బా కూడా నింపింది. దాంతో రెండు వాటాలకూ కలిపి ఉన్న ట్యాంకు ఎండిపోయింది. మొహం కడుక్కుందామని లింగమ్మ నల్లా తిప్పితే గాలి వచ్చింది. మోటారు వేసింది. దాన్ని కదిలించక చాలా రోజులైందేమో, మూలిగి ఆగిపోయింది. పోతూ పోతూ ఇంటంతటికీ ఉన్న ఒక్క ఫ్యూజు కూడా తీసుకుపోయింది.

"నీళ్ళు బంద్. కరెంటు బంద్. మేడం ఏమేం జెయ్యొద్దన్నదో అన్నీ జేస్తున్నది," అని మల్లేశ్వర్ గోడకు ఇటువైపు తల పట్టుకున్నాడు.

"ట్యాంకి ఎండవెట్టిన్రు. ఫ్యూజు పీకిన్రు. నన్నే ఎల్లగొట్టనీకె సూస్తున్నరు," అని లింగమ్మ గోడకు అటువైపు తల పట్టుకుంది. గోడ సన్నదే గాని, ఒకరి భయం ఇంకొకరికి వినిపించేంత సన్నది కాదు.

మల్లేశ్వర్ డ్యూటీ మానేసి తలుపు దగ్గరే కూర్చున్నాడు. గేటు కిర్రుమంటే లేచి నిలబడుతున్నాడు. కుక్క మొరిగితే తాళం చూసుకుంటున్నాడు. శనివారం అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు.

"ఏడున్నవ్ర నువ్వు? జీతాలిస్తున్నరు! చేతికే ఇస్తున్నరు. లైన్ల నిలబడ్డోళ్ళకే!"

కిరాయి కట్టలేక ఇంటికి కాపలా కాస్తుంటే, ఆ కిరాయి డబ్బు అక్కడ వరసలో పంచుతున్నారు. కదిలితే ఇల్లు పోతుంది, కదలకపోతే జీతం పోతుంది. మల్లేశ్వర్ కూర్చోలేడు, లేవలేడు.

"పోవయ్యా జల్ది," అని సంతోషి తరిమింది. "నేనున్న, అత్తమ్మున్నది. ఇల్లు యాడికి పోతది?"

పోతూ పోతూ అతనొక తెలివైన పని చేశాడు. తలుపు తాళం, తాళంచెవి రెండూ జేబులో వేసుకున్నాడు. ఇంట్లో తాళమే లేకపోతే ఎవరేం వెయ్యగలరు?

డబ్బు చేతికి రాగానే మల్లేశ్వర్ అరుణ్‌కుమార్ బండెక్కి వెనక్కొచ్చాడు. దారంతా చొక్కా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. బండి దిగి ఇంటి వైపు చూశాడు. తలుపుకు తాళముంది. అది లింగమ్మ గేటుకు ఎప్పుడూ వేలాడే ఇత్తడి తాళం. లింగమ్మ తలుపు కూడా మూసే ఉంది. ఇంట్లో అలికిడి లేదు. నీడలో సోమయ్య మాత్రం మొహం మీద తువ్వాలేసుకుని గురక పెడుతున్నాడు.

"అయిపాయె అరుణన్నా! వేసేసింది! మా అమ్మేది? సంతోషేది? సామానంత లోపట్నే ఉండె!"

"నేను జెప్పలే?" అన్నాడు అరుణ్‌కుమార్. అతని గొంతులో విచారం కన్నా తృప్తే ఎక్కువుంది. "పలగ్గొట్టు. నేను ఫోటోలు తీస్త. సాక్ష్యం!"

మల్లేశ్వర్ రాయి తీసుకుని తాళం మీద ఒక్కటేశాడు. ఆ చప్పుడుకు సోమయ్య మంచం మీంచి దూకి, "ఓర్నాయనో, తలుపు పలగ్గొడుతున్నడు!" అని కర్రెత్తాడు. సందులో నలుగురూ పోగయ్యారు. అన్యాయంగా వెళ్ళగొట్టారని మల్లేశ్వర్, ఇల్లు కబ్జా పెడుతున్నాడని సోమయ్య, ఎవరి గొంతు వారిదే.

"ఆగుండ్రి! నా కాడ సాక్ష్యమున్నది," అని అరుణ్‌కుమార్ ఫోన్ పైకెత్తాడు. అందరూ ఫోటో చూశారు. రాయెత్తి, పళ్ళు బిగించి, పరాయివాళ్ళ తాళం పగలగొడుతున్న మల్లేశ్వర్ అందులో చాలా స్పష్టంగా పడ్డాడు.

"మంచిగ పట్టిచ్చినవ్ బిడ్డా. సల్లగుండు," అన్నాడు సోమయ్య.

అప్పుడే సందు మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. లింగమ్మ నెత్తి మీద పిండి డబ్బా. పక్కనే దుర్గవ్వ. ఇద్దరూ మాటల్లో మునిగి, గుంపును దాదాపు దాటిపోయారు.

జరిగింది ఇంతే. బడి విడిచే వేళకు సంతోషి కూతురి కోసం పోయి, పిల్లతో అట్నుంచటే కొట్టుకు పోయింది. దుర్గవ్వ జొన్నలు వాకిట్లో ఎండబోసింది. లింగమ్మ కిటికీలోంచి చూసి చూసి ఉండబట్టలేక వచ్చి, ఒక గుప్పెడు తీసి వాసన చూసింది. చెలక పోయినప్పట్నుంచీ ఆమె కొన్న జొన్నలే తింటోంది. "ఏ చెలకయి ఇవి?" అని అడిగింది. చెలక దగ్గర మొదలైన మాట ఊరికి పోయింది, ఊరి నుంచి ఇంటిపేరుకు, ఇంటిపేరు నుంచి పుట్టిన అవ్వగారింటికి పోయింది. లింగమ్మ సొంత అక్కను ఇచ్చింది దుర్గవ్వ పెదనాయన కొడుక్కే. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ ఇల్లూ గుర్తులేదు, తగాదా గుర్తులేదు. "నువ్వా వదినె!" అంటే "నువ్వా వదినె!" అనుకుని, గిర్నికి పోయి పిండి పట్టించుకొద్దామని బయల్దేరారు. తలుపుకు తాళం కనపడకపోతే, తెరిచిపెట్టి పోవడం మంచిది కాదని లింగమ్మే తన గేటు తాళం తెచ్చి వేసింది.

ఇప్పుడామె సొట్టపడిన ఆ తాళాన్ని తిప్పి చూసింది. "నా తాళం నీకేం జేసిందిరా మల్లేశు?"

"నువ్వు మమ్ముల ఎల్లగొట్టినవనుకున్న పెద్దమ్మా."

"నేనా? నువ్వు నా ఇల్లు అమ్ముకుంటున్నవని మూడొద్దుల సంది నాకు కంటి మీద కునుకు లేదు!"

మల్లేశ్వర్‌కు సిగ్గేసింది. చటుక్కున జేబులోంచి డబ్బు తీసి ఆమెకు చాపాడు. మధ్యలో దుర్గవ్వ అందుకుంది.

"ఏం పైసలివి?"

"రెండు నెల్ల కిరాయమ్మా."

"రెండు నెల్లా? మొగడు లేని మనిషి, చెలక పోయిన మనిషి, రెండు నెల్లు ఏం దిని బతికిందిరా? బాకీ ముచ్చట దాచి, ఇంటికి కాపలా అని నన్ను పిలిచినవా? ఎవరింటికి, ఎవర్నుంచి?" ఆ డబ్బు లింగమ్మ చేతిలో పెట్టి, దుర్గవ్వ నలుగురి ముందూ తేల్చేసింది. "వదినె, వీనికి నీ ఇంట్ల ఉండే మొకం లేదు. రేపు ఐతారమే గద, ఖాళీ జేస్తడు. ఇది నా మాట."

ఇల్లు కాపాడమని పిలిపించిన తల్లే ఇల్లు ఖాళీ చేయించేసింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అరుణ్‌కుమార్‌కు కూడా తెలియలేదు. బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

"అట్లెట్ల వదినె?" అంది లింగమ్మ. "వరసకు అల్లుడాయె. ఎల్లగొడితె నలుగురేమంటరు? గని వీనికి మాత్రం కిరాయికియ్య. నీకిస్త. నువ్వుండు, నీ ఎనక వీళ్ళుంటరు. కాగితం గూడ రాసుకుందాం, ఈ పరేషాన్ మల్లొద్దు."

సోమవారం అనుపమ ఆ కాగితం రాసిపెట్టింది. ఓనరు లింగమ్మ, కిరాయిదారు దుర్గవ్వ. సాక్షులు సోమయ్య, మల్లేశ్వర్. అన్ని రోజులు తపించిన కాగితంలో తన పేరు ఎక్కడుందో చూసుకుని మల్లేశ్వర్, "మరి నా హక్కులేంది మేడం?" అని నెమ్మదిగా అడిగాడు.

"మీరిప్పుడు కిరాయిదారు కాదు కదండీ," అంది అనుపమ. "మీ అమ్మగారు ఎలా అంటే అలాగే."

మరుసటి నెల జీతం మళ్ళీ ఆలస్యమైంది. ఒకటో తారీఖు తెల్లవారుజామున మల్లేశ్వర్ కళ్ళు తెరిచేసరికి, మంచం పక్కన దుర్గవ్వ చెయ్యి చాపి నిలబడి ఉంది. లింగమ్మ రెండు నెలలు ఆగింది. దుర్గవ్వ చాయ తాగేదాకా కూడా ఆగలేదు.