ప్రాపర్ చానెల్‌లో వెళ్ళిన ఫిర్యాదు

ఆ బుధవారం ఉదయం శేషాచలంగారు మూడు పనులు పెట్టుకున్నారు: స్నానం, సంధ్యావందనం, పెలికన్ల జట్టు మీద ఫిర్యాదు. మొదటి రెండూ ఆరున్నరకల్లా ముగిశాయి.

పెలికన్లంటే, పరదేశంలో, బ్లాక్‌టౌన్ అనే ఊళ్ళో ఆయన అల్లుడి ఇంటి వెనక మైదానంలో ఆడే బేస్‌బాల్ జట్టు. మచిలీపట్నం కలెక్టరేటులో సూపరింటెండెంటుగా రిటైరై, భార్య లలితకుమారితో సహా కూతురి దగ్గరికి వచ్చిన కొత్తలో, ఆయన ఒక సాయంకాలం షికారుకు వెళ్ళి, అక్కడ జరుగుతున్నది క్రికెట్టేమోనని కూర్చున్నారు. కాదని తెలిసేసరికి అభిమానం ఏర్పడిపోయింది. అది 1999వ సంవత్సరం. ఆ ఏడు పెలికన్లు పదకొండు ఆటల్లో పది ఓడిపోయారు. పదకొండవది వర్షం వల్ల జరగలేదు. దానిని శేషాచలంగారు తన నోటుబుక్కులో విజయాల పక్కన రాసుకున్నారు.

ఇంత దుస్థితికీ కారకుడు, ఆయన లెక్క ప్రకారం, బంతి విసిరే డడ్లీ కెర్ ఒక్కడే. నలభై ఒక్క ఏళ్ళవాడు. అతడు విసిరిన బంతిని ఎదుటి జట్టువాళ్ళు ఎంత దూరం కొట్టేవారంటే, అది వెతకడానికి వెళ్ళినవాళ్ళు ఆట ముగిశాక గానీ తిరిగి వచ్చేవారు కాదు. అటువంటివాడి కాంట్రాక్టును మరో మూడేళ్ళు పొడిగించినట్టు మంగళవారం నాటి స్థానిక పత్రికలో వార్త పడింది.

"చూశావా లలితా? నన్ను ప్రభుత్వం యాభై ఎనిమిదేళ్ళకి ఒక పూలదండ వేసి పంపించేసింది. ఈయనగారికి ఓడినందుకు మూడేళ్ళు పొడిగింపుట!"

"వాళ్ళ జట్టు, వాళ్ళిష్టం. మధ్యలో మీకెందుకండీ? ఇడ్లీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. నాకు చల్లారలేదు."

మంగళవారమంతా కూర్చుని ఆయన నాలుగు పేజీల ఆంగ్లలేఖను ముత్యాల్లాంటి అక్షరాలతో సిద్ధం చేశారు. ఏడు పేరాలు, ప్రతి పేరాకూ ఒక సంఖ్య. ఇక అది ఎవరికి పంపాలన్నదే ప్రశ్న. జట్టు వాళ్ళకు పంపితే ప్రయోజనం లేదు; తప్పు చేసినవాడే విచారణాధికారి అవుతాడు. జట్టును పోషిస్తున్నది హార్బర్‌గేట్ బీమా కంపెనీ. ఆటగాళ్ళ చొక్కాల మీద ఆ పేరే ఉంటుంది. కాబట్టి ఆ కంపెనీ మేనేజింగ్ డైరెక్టరుకే రాయాలి.

అక్కడొక సున్నితమైన చిక్కు వచ్చింది. ఆయన అల్లుడు రామ్మోహన్ పనిచేస్తున్నది ఆ కంపెనీలోనే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దానిని పంతొమ్మిది వందలుగా పొరబడకుండా ప్రోగ్రాములను సరిదిద్దే విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగి. ఒక ఉద్యోగి ఇంటివాడు ఆ ఉద్యోగి పై అధికారిని దాటి నేరుగా సర్వోన్నతాధికారికి రాయడం క్రమశిక్షణా రాహిత్యం. త్రూ ప్రాపర్ చానెల్ రావాలి. అంటే రామ్మోహన్ మేనేజరు కొలీన్ ప్రాట్ అనే ఆవిడ ద్వారా, ఆవిడ అభిప్రాయంతో సహా, పైకి వెళ్ళాలి. ఆ మేరకు శేషాచలంగారు ఒక కవరింగ్ లెటరు జతచేసి, కింద చిరునామా "కేరాఫ్ రామ్మోహన్, వై టూ కే విభాగం" అని స్పష్టంగా రాశారు.

బుధవారం ఉదయం భోజనాల బల్ల మీద, అంటించని ఒక పెద్ద గోధుమరంగు కవరు కనిపించింది. దానిపై కొలీన్ ప్రాట్ పేరే ఉంది. ఒకే అధికారికి వెళ్ళే తపాలా ఒకే కవరులో వెళ్ళడం ఏ కచేరీలోనైనా ఆనవాయితీ. లోపలి కాగితాలు ఏమిటో ఆయన చూడలేదు. పరుల కాగితాలు చదవడం ఆయన సంస్కారం కాదు. తన కాగితాలను పైన ఉంచి, అంచులు సరిచేసి, జిగురు పూసి, గడ్డం గీసుకుంటున్న అల్లుడు బయటికి వచ్చేలోగా కవరు అంటించేశారు.

"కవర్ మీరే సీల్ చేశారా మావయ్యగారూ? థాంక్సండి. ట్రైన్ మిస్సయితే ఇవాళ నా పని ఫినిష్!" అని రామ్మోహన్ కవరు అందుకుని పరుగెత్తాడు. హాస్పిటల్లో డ్యూటీకని కూతురు సుమ అంతకుముందే వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకు లలితకుమారి దేవుడి దగ్గర రెండోసారి దీపం వెలిగించడం చూసి శేషాచలంగారికి అనుమానం వచ్చింది.

"ఇవాళేం విశేషం?"

"విశేషమేముంది! ఆ కొలీన్ అనే ఆవిడ మనసు చల్లగా ఉండాలని."

"కొలీన్ ప్రాట్? ఆవిడకీ నీకూ ఏం సంబంధం?"

లలితకుమారి ఒత్తి సర్దుతూ ఆగిపోయింది. "మీకు బీపీ పెరుగుతుందని పిల్లలు చెప్పొద్దన్నారు. అబ్బాయి కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుందిట. పొడిగింపు ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. నాలుగింటిలోగా కంపెనీ పెద్దాయన సంతకం పెడితే సరే, లేకపోతే వీసా పోతుందిట. ఇరవై ఎనిమిది రోజుల్లో అందరం సామాను సర్దుకోవాల్సిందేట."

శేషాచలంగారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. "ఆ ఫారం ఎక్కడుంది?"

"పొద్దున్న బల్లమీద పెట్టాడుగా, గోధుమరంగు కవర్లో."

ఆయన ఖాళీగా ఉన్న బల్ల వైపు చూశారు. ఆవిడ దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసింది.

"ఏం చేశారు?"

"పద్ధతి ప్రకారమే చేశాను."

"అయితే కొంపే మునిగిందన్నమాట!"

తన లేఖలోని ఆరవ పేరా ఆయనకు కళ్ళముందు కదిలింది. మనుషులను ఎంపిక చేయడంలో ఈ కంపెనీ పెద్దలకున్న వివేకాన్ని అందులో ప్రత్యేకంగా ప్రశంసించలేదు. 'వీరు మనుషుల ప్రాణాలకు బీమా చేయుచుండుట ఆశ్చర్యకరము' అనే అర్థం వచ్చే వాక్యమొకటి ఉంది. దాని కిందే, అదే కవరులో, వినయంగా పొడిగింపు కోరుతున్న అల్లుడి ఫారం!

ఆయన ఫోను చేస్తే, ఆఫీసులో రామ్మోహన్ బల్ల మీది ఫోను మోగి మోగి ఆగిపోయింది. సుమ వార్డులో ఉందని, గంట దాకా రాదని హాస్పిటల్ వాళ్ళు అన్నారు. ఆయన హార్బర్‌గేట్ ముఖ్య నంబరుకు ఫోను చేసి, గొంతు సవరించుకుని, తనకు తెలిసిన అత్యుత్తమమైన ఇంగ్లీషులో రిసెప్షను అమ్మాయితో మాట్లాడారు. ఆ మాటల సారాంశం ఇది:

"ఈ ఉదయం శ్రీమతి ప్రాట్ గారికి ఒక గోధుమరంగు కవరు చేరి ఉంటుంది. దానిని ఎట్టి పరిస్థితిలోనూ తెరవరాదు. తెరిచినచో తదనంతర పరిణామాలకు నేను బాధ్యుడను కాను."

"మీరెవరండీ?" అని ఆ అమ్మాయి సన్నగా అడిగింది.

అల్లుడి పేరు బయటపడకూడదని ఆయన జాగ్రత్తపడ్డారు. "నా పేరు వెల్లడించుటకు ప్రస్తుతం వీలుపడదు. నాలుగు గంటలలోపు నేనే స్వయంగా వచ్చి ఆ వ్యవహారం ముగించెదను. మీ అమూల్యమైన సమయానికి కృతజ్ఞతలు."

ఫోను పెట్టేసి, కోటు తొడుక్కుని, "సర్దుబాటు చేశాను" అని భార్యకు చెప్పి, ఆయన హార్బర్‌గేట్ ఆఫీసు ఉన్న పారమట్టాకు రైలెక్కారు.

స్టేషను దిగి వీధి మలుపు తిరిగేసరికి హార్బర్‌గేట్ భవనం ముందు మూడొందలమంది పేవ్‌మెంటు మీద నిలబడి ఉన్నారు. రోడ్డుకడ్డంగా పసుపు రిబ్బను కట్టారు. రెండు పోలీసు కార్లు, ఒక అగ్నిమాపక శకటం. గుంపులో రామ్మోహన్ కనిపించాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"మావయ్యగారూ! మీరేంటండీ ఇక్కడ? ఎవడో లూనాటిక్ ఫోన్ చేశాడంట, కొలీన్ టేబుల్ మీద కవర్లో బాంబుందని! అదీ నా కవరేనండి! ఇందాకట్నించి ఒకటే క్వశ్చన్స్. ఎవరు సీల్ చేశారంటే, మా ఇంట్లోనే అన్నాను."

"బాంబని ఎవరన్నారు?" అన్నారు శేషాచలంగారు. "అతడు బాంబని అనలేదే!"

రామ్మోహన్ ఆయన వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "మావయ్యగారూ... అతడు ఏమన్నాడో మీకెలా తెలుసండీ?"

అంతలో హెల్మెట్టు పెట్టుకున్న పోలీసొకడు, పొడవాటి పట్టకారుతో ఆ కవరును పట్టుకుని బయటికి తెచ్చి, నడిరోడ్డు మీద పెట్టాడు. అగ్నిమాపక సిబ్బంది గొట్టం విప్పుతున్నారు. ముందు నీళ్ళతో కొట్టి ముద్ద చేసి, ఆ తరువాత పేల్చేస్తారట.

శేషాచలంగారి మనసు రెండు ముక్కలయింది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, ఆరవ పేరా నీళ్ళలో కలిసిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ దాని కింద ఫారం కూడా కలిసిపోతుంది. ఇవాళే ఆఖరు. ఇరవై ఎనిమిది రోజులు. సుమ ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఆ గొట్టం చివర ఉన్నాయి.

ఆయన కోటు గుండీలు సరిచేసుకుని, రిబ్బను కిందినుంచి దూరి, నడిరోడ్డు మీదికి నడిచారు.

"మావయ్యగారూ, ఆగండి! కాలుస్తారండీ!"

"అయ్యా," అని ఆయన పోలీసులతో ఇంగ్లీషులో అన్నారు, చేతులు రెండూ పైకెత్తి. "అది బాంబు కాదు. నా వినతిపత్రం. బేస్‌బాల్ గురించి."

తరువాతి పావుగంట ఆయన జీవితంలో అత్యంత దీర్ఘమైనది. సార్జెంటు ఆయనను రెండుసార్లు తడిమి చూసి, చివరికి గ్లవ్స్ వేసుకుని కవరు చింపాడు. నాలుగు పేజీలూ బయటికి తీశాడు. అందులో ఏముందో తెలిస్తేగానీ లోపలికి వెళ్ళేది లేదని ఉద్యోగులు పట్టుపట్టారు. దాంతో సార్జెంటు పోలీసు కారు లౌడ్‌స్పీకరులో చదవడం మొదలుపెట్టాడు.

మొదటి పేరాకు నిశ్శబ్దం. రెండవ పేరాలో డడ్లీ కెర్ పేరు రాగానే ఎవరో ఈల వేశారు. కంపెనీ ఉచితంగా ఇచ్చే టిక్కెట్లతో ఆ మూడొందల మందీ పెలికన్ల ఆటలు చూసి బాధపడుతున్నవాళ్ళే. మూడవ పేరాకు చప్పట్లు. నాలుగవ పేరాకు ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. శేషాచలంగారు తలవంచుకుని ఆరవ పేరా కోసం ఎదురుచూస్తున్నారు, ఉరికంబం ఎక్కినవాడిలా.

కానీ ఐదవ పేరా దగ్గర, గుంపులోంచి బట్టతల పొడుగాటి మనిషి ఒకాయన ముందుకు వచ్చి చెయ్యి ఎత్తాడు. అందరూ దారి ఇచ్చారు. ఆయనే మేనేజింగ్ డైరెక్టరు హ్యూ లాటిమర్.

"ఆ పేరా మళ్ళీ చదవండి."

సార్జెంటు చదివాడు. "కాంట్రాక్టు గడిచిన సేవకు బహుమానము కాదు, జరుగవలసిన పనికి ఒడంబడిక. పని ముగిసినవానికి మూడు సంవత్సరములు ఇచ్చుట ఔదార్యము కాదు, అలసత్వము. ఎంతటివానికైనను ఏడాదికి మించి పొడిగింపు ఇవ్వరాదు."

లాటిమర్ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంత సూటిగా చెప్పినవాడు మా బోర్డులో ఒక్కడూ లేడు. ఇక చాలు, మిగతాది నేను చదువుకుంటాను" అని కాగితాలు తీసుకున్నాడు. ఆరవ పేరా వినబడకుండానే గండం గడిచింది. 

"మరి డడ్లీ కెర్‌ను తీసేస్తారా సర్?" అని ఎవరో అరిచారు.

"వీల్లేదు. సోమవారమే సంతకాలయ్యాయి. అతడి లాయరు చాలా గట్టివాడు." లాటిమర్ నిట్టూర్చి, కవరులో మిగిలిన ఫారం బయటికి తీశాడు. "ఇదేమిటి?"

కొలీన్ ప్రాట్ ముందుకు వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. "రామ్మోహన్ పొడిగింపు, హ్యూ. నా టీములో ఇతడే బెస్ట్. నేను మూడేళ్ళకి రికమెండ్ చేశాను. నువ్వు నిన్న సరే అన్నావు."

"జనవరి ఒకటి దాటాక ఈ వై టూ కే పని ఉంటుందా?"

"చాలావరకు అయిపోతుంది. కానీ ఈ ఏడాది అంతా ప్రాణం పెట్టి..."

"గడిచిన సేవ," అన్నాడు లాటిమర్ గౌరవంగా, శేషాచలంగారి వైపు తల పంకిస్తూ. ఫారాన్ని పోలీసు కారు మీద పరిచి, ఎన్నేళ్ళన్న చోట ఖాళీగా ఉన్న గడిలో 'ఒకటి' అని రాసి, సంతకం పెట్టాడు.

ఇంటికి తిరుగురైల్లో మామా అల్లుళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మూడు స్టేషన్లు దాటాయి.

"కొలీన్ త్రీ ఇయర్స్ అడిగిందని నాకు తెలీదండి," అన్నాడు చివరికి రామ్మోహన్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఇవాళే తెలిసింది."

"నాకూ ఇవాళే తెలిసింది అల్లుడుగారూ."

ఇంటి గుమ్మంలో లలితకుమారి కళ్ళలో వత్తులు వేసుకుని నిలబడి ఉంది. "ఏమయింది నాయనా? పొడిగించారా, లేదా?"

"పొడిగించారండి అత్తయ్యగారూ. వన్ ఇయర్."

"అమ్మయ్య! మరి ఈయనగారి ఉత్తరం సంగతేమయింది?"

"దాని మీద కూడా యాక్షన్ తీసుకున్నారండి," అని రామ్మోహన్ బూట్లు విప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ముప్పై ఆరేళ్ళ సర్వీసు మొత్తంలో శేషాచలంగారు రాసిన ఏ ఉత్తరం మీదా అదే రోజున చర్య తీసుకోబడి ఉండలేదు.