గొంతులో కాపురం పెట్టినవాళ్లు

మనుషుల్ని నమ్ముకున్నవాడు చెడిపోతాడు, సూక్ష్మజీవుల్ని నమ్ముకున్నవాడు బాగుపడతాడు! ఈ మాట నేను బాగా ఆలోచించి, చేతులు కడుక్కోకుండా రాస్తున్నాను.

పాపం, వాటినెంత ఆడిపోసుకున్నాం! ప్రకటనల్లో వాటికి కొమ్ములూ కోరలూ తగిలించాం. తొంభైతొమ్మిది శాతం చంపేస్తామని సీసాల మీద గొప్పగా రాసుకున్నాం. మిగిలిన ఆ ఒక్క శాతమే ఈ లోకాన్ని నడుపుతోందని ఎవరికైనా తట్టిందా?

మా ఇంటి సంగతే చూడండి. నా భార్య పనిచేసే ఫ్యాక్టరీలో మేడంత ఎత్తు స్టీలు ట్యాంకుల్లో బాక్టీరియాను పెంచుతారు. అవి తిని, తాగి, మరకల్ని కొరికేసే ఎంజైమ్ వదులుతాయి. దాన్ని బట్టలుతికే పౌడర్లో కలుపుతారు. ట్యాంకులో వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే చాలు, అలారం మోగుతుంది. ఇంజనీర్లు పడుతూ లేస్తూ పరుగెత్తుతారు. మీకు జలుబు చేసినప్పుడు ఎంతమంది ఇంజనీర్లు పరుగెత్తారండీ?

మా అత్తగారిది వ్యవసాయ విభాగం. బాల్కనీలో డ్రమ్ము పెట్టి తొక్కల్ని ఎరువు చేస్తారు. నేను అరటి తొక్క బుట్టలో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపుతారు.

"ఆగండాగండి అల్లుడుగారూ! పొద్దుట్నుంచి అవేం తిన్లేదు."

నేనూ తినలేదన్న సంగతి ఆవిడకి గుర్తుండదు. ఎందుకుండాలి? నన్ను చల్లితే టమాటాలు కాస్తాయా?

ఇక వంటింట్లో, రొట్టెల కోసం పులియబెట్టిన పిండి ఒక సీసాలో ఉంటుంది. నా భార్య పని నుంచి వస్తూనే, భుజాన సంచీ అయినా దించకుండా దాని దగ్గరికి వెళ్తుంది. మొన్న నేను పక్కగదిలో ఉన్నాను.

"ఎలా ఉన్నావు? చలేసిందా? పొద్దుట్నుంచీ ఒక్కడివే ఉన్నావు కదూ!"

ఆ "నువ్వు" అన్న చనువుకే నా గుండె కరిగిపోయింది. "అవునే, కొంచెం చలిగానే ఉంది" అన్నాను.

వంటింట్లో తల్లీకూతుళ్లు పగలబడి నవ్వారు.

"మిమ్మల్ని కాదండీ బాబూ!"

"పోన్లేవే, ఆయన్నీ ఓసారి అడుగు. నోరేం అరిగిపోదు" అన్నారు అత్తగారు.

"ఆయనకేంటమ్మా? రేపు పొద్దుటికి ఆయన పొంగాలా ఏమన్నానా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది! ఆ పూటంతా కూర్చుని నన్ను నేను పరీక్షించుకున్నాను. నేను పొంగను. పులియను. కుళ్లను, మహా అయితే కుళ్లుకుంటాను. మనస్తత్వ శాస్త్రం దీన్ని అసూయ అంటుందేమో. నేను మాత్రం శాస్త్రీయ దృక్పథం అంటాను.

అంతలో నా అదృష్టం పండింది. గొంతు నొప్పి, జ్వరం!

నా భార్య ఏకంగా సెలవు పెట్టింది. మంచం మీద నా పక్కనే కూర్చుని, ఫోన్ లైటు వేసి, "ఆ... అనండి" అంది. అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, ఓసారి ఇలా రా! ఎంత చక్కగా పట్టాయో చూడు, తెల్లగా!"

అత్తగారు కళ్లజోడు సర్దుకుని నా నోట్లోకి వంగారు. "ఔరా! అల్లుడుగారిలో ఇంత సత్తా ఉందనుకోలేదు సుమా!"

పెళ్లయి ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నాకు దక్కిన తొలి ప్రశంస అది. నోరు మూయమనేదాకా నేను మూయలేదు. గంటగంటకీ నా నుదుటి మీద చెయ్యి. గంటగంటకీ "ఎలా ఉంది?" అన్న ప్రశ్న. నేను ట్యాంకునయ్యాను, డ్రమ్మునయ్యాను, సీసానయ్యాను!

కానీ డాక్టర్లు ఊరుకుంటారా? యాంటీబయాటిక్ రాశారు. ఈ మందుల్లో చాలావాటిని తయారుచేసేది కూడా సూక్ష్మజీవులేనట. ముల్లును ముల్లుతోనే తీయాలన్నారు కదా పెద్దలు. నా భార్య దగ్గరుండి, ఒక్క మాత్ర కూడా తప్పనీయకుండా మింగించింది.

నిన్న మళ్లీ లైటు వేసి చూసింది.

"ఏం లేవు. శుభ్రంగా ఉంది" అంది. నుదుటి మీంచి చెయ్యి తీసేసి, సంచీ భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయింది.

"ఇంకా కొంచెం నొప్పిగానే ఉందే!" అన్నాను, మూసుకున్న తలుపుతో.

పాఠకులారా, ప్రస్తుతం నా ఆరోగ్యం దివ్యంగా ఉంది. ఇలాంటి ఆరోగ్యం పగవాడికి కూడా వద్దు.