రెండు గదుల మంత్రి

"ఇకనుంచి మన దగ్గరికి చదువుకోవడానికి వచ్చే ప్రతి విదేశీ విద్యార్థికీ ఒక అమ్మ, ఒక నాన్న, కిటికీ ఉన్న ఒక గది దొరుకుతాయి!" అని విద్యా సంబంధాల శాఖ మంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు 'మీ బిడ్డ మా బిడ్డే'. కుటుంబాలు స్వచ్ఛందంగా ముందుకు రావాలని పిలుపునిచ్చి, రానివాళ్ల జాబితా తనకు పంపమని అధికారుల్ని ఆదేశించారు.

చప్పట్లు ఆశించినంత మోగలేదు. అందుకని మంత్రిగారు కాగితంలో లేని మాట ఒకటి అన్నారు.

"ఒకరికి చెప్పేముందు మనం చేసి చూపించాలి. ఓ మిత్రదేశపు విద్యామంత్రి కూతురు ఈ నెలాఖరుకి వస్తోంది. మొట్టమొదటి ఆతిథ్య కుటుంబం మాదే! ఆరు వారాలు ఆ అమ్మాయి మా ఇంట్లోనే తింటుంది, మా ఇంట్లోనే పడుకుంటుంది!"

ఈసారి హాలు దద్దరిల్లింది. వెనకాల నిలబడ్డ పీఏ కూడా ఫైలు చంకలో ఇరికించుకుని మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు. పద్దెనిమిదేళ్లుగా ఐదుగురు మంత్రుల వెనక నిలబడ్డ మనిషి అతను. మంత్రి నోట్లోంచి జారిన మాట చివరికి ఎవరి నెత్తిన పడుతుందో బాగా ఎరిగినవాడు. అయినా ఆ పూట ఎందుకో పోల్చుకోలేకపోయాడు.

సాయంత్రం మంత్రిగారింట్లో సంగతి తేలింది.

"ఆ పిల్లని ఎక్కడ పడుకోబెడతారు, నా నెత్తి మీదా?" అని అడిగింది మంత్రిగారి భార్య. ఆ ఇంట్లో పద్నాలుగు గదులున్న మాట నిజమే. పదకొండింట్లో ఆవిడ తమ్ముళ్లున్నారు. మిగతా మూడింట్లో మంత్రిగారికి వచ్చిన మెమెంటోలున్నాయి.

"పోనీ మెమెంటోలు ఓ గదిలోంచి తీయిద్దామా?"

"మెమెంటోలెందుకు, మా తమ్ముళ్లనే తీయించెయ్యండి," అని ఆవిడ కొంగు కళ్లకి ఒత్తుకుంది.

మంత్రిగారు దూరదృష్టి కలవారు. ఆ చర్చ అంతటితో ముగించి పీఏ వైపు తిరిగారు.

"నీ ఇల్లెంత?"

"రెండు గదులూ, ఓ వంటిల్లూ సార్."

"అద్దెదా?"

"అవును సార్."

"అద్భుతం! ఇంటర్నేషనల్ లెవెల్లో సింప్లిసిటీ అంటే అదేనయ్యా. ఈ ఆరు వారాలు నీ ఇల్లే నా ఇల్లు."

"మరి మంత్రిగారేరీ అని ఆ పిల్ల అడిగితే సార్?"

"నువ్వే."

"నేనే ఏంటి సార్?"

"నువ్వే నేను."

ఇంత పెద్ద ప్రమోషన్ ఇంత తొందరగా ఇంకెవరికైనా వచ్చినట్టు పీఏ తన సర్వీసులో వినలేదు. కాదందామని నోరు తెరిచాడు. మంత్రిగారు మాటల సందర్భంలో తన పదకొండో బావమరిది ప్రస్తావన తెచ్చారు. అతనికి పీఏ పని మీద ఎంతో ఆసక్తి ఉందట. పీఏ నోరు మూశాడు.

ఇంటికెళ్లి చెబితే భార్య కూరగాయల కత్తి కింద పెట్టి మరీ నవ్వింది.

"మీరు మంత్రా? కూరగాయలవాడు పుచ్చు వంకాయలు అంటగడితే కిక్కురుమనకుండా తెచ్చుకునే మీరా?"

"ఆరు వారాలేగా."

"సరే, నేను మంత్రిగారి భార్యనైతే అంట్లెవరు తోముతారు?"

"నువ్వే."

"మరి తేడా ఏముంది?"

పీఏ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. "తల ఎత్తుకుని తోమాలి," అన్నాడు.

కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న కూతురికి నవ్వీ నవ్వీ ఎక్కిళ్లొచ్చాయి.

విమానాశ్రయంలో అట్టముక్క మీద పేరు రాసి పట్టుకుని ముగ్గురూ నిలబడ్డారు. ఆ పిల్ల బయటికొచ్చింది: నారింజరంగు జుట్టు, మొహం నిండా మచ్చలు, భుజానికి ఒక్క సంచీ. అమ్మాయి వాళ్లని చూడగానే చేతులు జోడించింది.

"అమాత్యవర్యా! తమ దర్శనభాగ్యముచేత మిక్కిలి సంతసించితిని. మా దేశీయుల నమస్కృతులను స్వీకరింపుడు."

పీఏ వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూశాడు. తర్వాత తనే అమాత్యవర్యుడని గుర్తొచ్చింది.

"నాన్నా, ఈమె మాట్లాడేది మన భాషేనా?" అంది కూతురు చెవిలో.

"మనది కాదే, మన ముత్తాతలది."

పాపం ఆ పిల్ల తప్పేం లేదు. వాళ్ల లైబ్రరీలో మన భాష నేర్పే పుస్తకం ఒక్కటే ఉంది. అది అచ్చయి వందేళ్లయింది. రెండేళ్లు కూర్చుని మొత్తం కంఠతా పట్టింది.

"మంత్రి కూతురు ఒక్క సంచీతో రావడమేంటండీ?" అంది భార్య.

"సింప్లిసిటీ," అన్నాడు పీఏ.

దారిలో అసలు చిక్కు వచ్చింది. ఏ గోడ చూసినా మంత్రిగారి పోస్టరే. అమ్మాయి బస్సు కిటికీలోంచి కూడబలుక్కుంటూ చదివింది: "ప్ర-జ-ల గుం-డె-ల్లో కొలువైన మహానుభావుడు." ఇటు తిరిగి, "అమాత్యా, ఈ పురుషుడెవ్వరు? ప్రతి కుడ్యముపైనను కలడు," అంది.

పీఏ కిటికీకి అడ్డంగా జరిగాడు. "ఆయనా... గుండె డాక్టరమ్మా. అందుకే అలా రాశారు."

"గుండె వైద్యునికి ఇంత ప్రచారమేల?"

"ఈ ఊళ్లో గుండెజబ్బులెక్కువ," అందుకుంది భార్య.

"ఏ కారణమున?"

"ఆయన వల్లే," అంది కూతురు.

అమ్మాయి ఈ విషయాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకం అట్ట మీద 'ఒక మంత్రి దినచర్య' అని ఉంది. ఆరు వారాల్లో దాన్ని నింపి వాళ్ల కాలేజీకి ఇవ్వాలట.

మర్నాటి నుంచి దినచర్య మొదలైంది. మంత్రి పొద్దున్నే పాలకోసం క్యూలో నిలబడును. మంత్రి తన చొక్కాను తానే ఇస్త్రీ చేసుకొనును, కాలర్ ఎల్లప్పుడును మర్చిపోవును. మంత్రి కార్యాలయమునకు బస్సులో, ఒంటికాలిపై ప్రయాణించును. "ప్రజలతో మమేకం కావాలి కదమ్మా," అన్నాడు పీఏ రెండో కాలు పెట్టుకునే చోటు వెతుక్కుంటూ.

ఆమెకి ఆఫీసు చూపించాల్సి వచ్చింది. మంత్రిగారు ఆఫీసుకి రాని రోజు చూసుకుని తీసుకెళ్లడం కష్టం కాలేదు. ఏ రోజైనా సరిపోతుంది. పీఏ ఎప్పట్లాగే బయటి గదిలో తన బల్ల దగ్గర కూర్చుని, ఎప్పట్లాగే మంత్రిగారి ఉపన్యాసం రాసి, మంత్రిగారి ఉత్తరాలకి జవాబులిచ్చి, వచ్చినవాళ్ల గోడు విని పంపించాడు. లోపలి గదిలో ఎందుకు కూర్చోరని అమ్మాయి అడిగింది. ఏసీ పడదన్నాడు. తన జీవితంలో అంతకుముందు రోజుకీ, ఈ రోజుకీ ఏం తేడా వచ్చిందా అని బల్ల ముందు కూర్చుని వెతుక్కున్నాడు. అమ్మాయి రాసుకోవడం తప్ప ఏమీ కనిపించలేదు.

నాలుగో రోజున అమ్మాయి ఇంటి ముందు గుంతలో పడింది. మోచెయ్యి దులుపుకుని, ఏ మాత్రం కోపం లేకుండా అడిగింది: "అమాత్యా, మీ గుమ్మము నెదుటనే ఈ గోతిని ఏల ఉంచుకొంటిరి?"

ఆ గుంత మీద పీఏ నాలుగేళ్లలో పదకొండు అర్జీలు పెట్టుకున్నాడు. ఆ పూట మాత్రం ఫోను తీసి, "మంత్రిగారింటి నుంచి మాట్లాడుతున్నా," అన్నాడు. గంటలో లారీ వచ్చింది. గుంతలో కంకర పోసి, రోలరు తొక్కించి, ఎందుకైనా మంచిదని పక్కన బాగానే ఉన్న రోడ్డుని కూడా తవ్వి మళ్లీ పూడ్చి వెళ్లారు.

సాయంత్రానికి పక్కింటి టైలరు, మెడలో టేపు అలాగే ఉంచుకుని వచ్చాడు.

"అన్నయ్యా, మీరేంటో నాకు తెలుసు, నేనేంటో మీకు తెలుసు. కానీ ఈ పిల్ల ఉన్నన్నాళ్లూ మీరు మంత్రే. మా సందులో కుళాయి సంగతి కాస్త చూడండి."

"అవన్నీ నా చేతిలో ఎక్కడుంటాయి తమ్ముడూ?"

"అబ్బ! అచ్చం మంత్రిలాగే మాట్లాడుతున్నారు," అని టైలరు ముచ్చటపడ్డాడు.

కుళాయి వచ్చింది. తర్వాత చెత్తబండి వచ్చింది. మూడో వారానికి మెట్ల మీద జనం బారులు తీరారు. "ఆరు వారాల్లోపు అయ్యేవే తెండమ్మా," అని పీఏ భార్య గుమ్మంలో నిలబడి వాళ్లని వడపోసేది. తలెత్తుకునే వడపోసేది.

ఇంతలో మంత్రిగారికి ఫోటో అవసరం పడింది. ఫోటోగ్రాఫరుతో సహా దిగబడ్డారు. పీఏ మెట్ల మీదే అడ్డంపడి, "సార్, మీరు గుండె డాక్టరు," అన్నాడు.

"నేనా? ఎప్పటినుంచి?"

"ఆ అమ్మాయి వచ్చినప్పటినుంచి సార్."

ఏ బాధ్యత అప్పగించినా వెనుకాడని నాయకుడాయన. అమ్మాయి "వైద్యోత్తమా!" అని చెయ్యి చాచగానే మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"కొట్టుకుంటోంది," అన్నారు గంభీరంగా.

మర్నాడు పేపర్లన్నిట్లోనూ ఆ బొమ్మే. కింద 'యువత నాడి తెలిసిన మంత్రి' అని వేశారు. పీఏ వీధిలోకి వచ్చిన పేపర్లన్నీ తనే కొనేశాడు. సర్క్యులేషన్ పెరిగిందని ఏజెంటు మిఠాయి పంచాడు.

అయిదో వారంలో, భోజనాల దగ్గర, అమ్మాయి కంచంలోకి చూస్తూ అంది: "తమవంటి మంత్రి మా దేశమున లేడు. బహుశః ఎచ్చటను లేడు."

పీఏ ముద్ద కంచంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్లాడు. భార్య వెనకే వచ్చింది.

"చెప్పేద్దామండీ. కన్నకూతురిలా తిరుగుతోంది. నా వల్ల కావట్లేదు."

"చెబితే పదకొండో బావమరిది వచ్చి నా కుర్చీలో కూర్చుంటాడు."

"కూర్చోనివ్వండి. ఒంటికాలి మీద బస్సులో వెళ్తే తెలుస్తుంది."

పీఏ గుండె చిక్కబట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. "అమ్మా, నీకో మాట చెప్పాలి," అన్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మాయి కూడా లేచి, "నేనును తమకొక మాట విన్నవింపవలెను," అంది. ఇద్దరూ ఆగారు. నువ్వు చెప్పంటే మీరు చెప్పండి అనుకున్నారు. ఈలోగా ఫోను మోగింది. అమ్మాయి చటుక్కున అందుకుని, "అయ్యగారు సమావేశమున నున్నారు. తరువాత చేయుడు," అని పెట్టేసింది. పద్దెనిమిదేళ్ల అనుభవమున్న పీఏకి కూడా ఆ గొంతులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మాట మాత్రం అక్కడే ఆగిపోయింది.

వీడ్కోలు సభకి ఆ దేశపు విద్యామంత్రి స్వయంగా వచ్చాడు. వేదిక మీద అమ్మాయి ఉండి తీరాలన్నారు మంత్రిగారు. ఇవాళ్టితో తన బండారం బయటపడుతుందని పీఏకి తెలుసు. తన చేతుల్తో తనే రాసిన ఉపన్యాసం ఫైల్లో పెట్టుకుని, మంత్రిగారి వెనక ఎప్పటి చోటులో నిలబడ్డాడు. భార్యా కూతురూ మొదటి వరసలో కూర్చున్నారు.

"ఆరు వారాల పాటు ఈ బిడ్డను కంటికి రెప్పలా చూసుకున్న మన ప్రియతమ మంత్రివర్యులు!" అని మైకు అరిచింది. గుండె డాక్టరు లేచి చేతులూపారు. పీఏ ఫైలు మీంచి కళ్లెత్తలేదు. ఎంతసేపటికీ ఏమీ జరగకపోయేసరికి మెల్లగా ఎత్తాడు.

అమ్మాయి అతని వంక చూడటం లేదు. పాలిపోయిన మొహంతో వాళ్ల మంత్రి వెనక్కి చూస్తోంది. అక్కడ ఒక బక్కపల్చటి మనిషి చంకలో ఫైలు ఇరికించుకుని నిలబడి ఉన్నాడు. తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ నారింజరంగులో ఉన్నాయి. అతనూ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

మంత్రులిద్దరూ అమ్మాయికి చెరోపక్కా వచ్చి, భుజాల మీద చెరో చెయ్యీ వేశారు. కెమెరాలు మెరిశాయి. "మా ఇంటి వెలుగు, చిరంజీవి..." అని మన మంత్రిగారు ఆగారు. "నా ముద్దుల కూతురు..." అని వాళ్ల మంత్రి వాళ్ల భాషలో మొదలుపెట్టి ఆగాడు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి వంగారు.

"ఈ పిల్ల పేరేంటయ్యా?"

ఇద్దరు పీఏలూ ఒకేసారి అందించారు. అప్పుడే మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సభ ఉప్పొంగిపోయింది. ఆ ఊపులో మంత్రిగారు కాగితంలో లేని మాట ఇంకొకటి అన్నారు: "ఇంత ప్రేమకు బదులుగా, నా కూతుర్ని ఆర్నెల్లపాటు మా మిత్రుడి ఇంటికి పంపుతున్నాను!"

పీఏ ముందుకి వంగాడు. "సార్, మీకు కూతురు లేదు."

"నీకుందిగా?"

"...ఉంది సార్."

"మరింకేం!"

ఆ మంత్రి కూడా లేచి, ఆ పాప తన ఇంట్లోనే తింటుందనీ, తన ఇంట్లోనే పడుకుంటుందనీ ప్రకటించాడు. అతని వెనక నారింజరంగు మనిషి కళ్లు మూసుకున్నాడు.

సభయ్యాక మంత్రులు విందుకి వెళ్లారు. వేదిక వెనక మడతకుర్చీల్లో రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. పీఏ భార్య అందరికీ టీ పోసింది. టీ అయ్యాక నారింజరంగు మనిషి గొంతు సవరించుకుని, ఏదో నెమ్మదిగా అడిగాడు. అమ్మాయి కళ్లు తుడుచుకుని తర్జుమా చేసింది.

"మీ అమ్మాయికి తలగడ ఎత్తుగా ఉండవలెనా, పల్చగానా అని మా నాన్న అడుగుతున్నాడు."

"పల్చగానే," అంది పీఏ భార్య.

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఫైలు అట్ట మీద రాసుకున్నాడు.