బాతు లేని అయిదో భాగం

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. నోరు మూసుకుని, ఆర్డరులో ఉన్నది ఉన్నట్టు కేకు మీద వేసి, పదకొండింటికల్లా పంపేయడం. కేకుల దుకాణంలో క్రీముతో బొమ్మలు వేసే ఆమెను అందరూ క్రీమక్క అంటారు. పనితనానికి వంక లేదు గానీ చెప్పినట్టు చేయదని ఓనరమ్మ బాధ. ఒక పెళ్ళికూతురి బొమ్మకు నవ్వు మార్చేసింది. రిటైరవుతున్న ఒక హెడ్మాస్టరుకు లేని జుట్టు మొలిపించింది. "ఇంకొక్క ఆర్డరు నీ ఇష్టమొచ్చినట్టు మార్చావంటే ఏప్రన్ ఇక్కడే విప్పేసి ఇంటికెళ్ళిపో" అని ఓనరమ్మ తేల్చి చెప్పేసింది. క్రీమక్కకు మరో పని రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు.

తీరా చూస్తే, తమ వార్షికోత్సవానికి ఆర్డరు ఇచ్చింది 'దీపస్తంభం' వీడియో గేము తయారుచేసే కంపెనీ! సముద్రం ఒడ్డున దీపాన్ని కనిపెట్టుకుని ఉండే మీసాల తాత, ఆయన వెంట ఒక బాతు. పన్నెండేళ్ళలో వచ్చిన నాలుగు భాగాలూ ఆమె తమ్ముడితో పోట్లాడుతూ ఆడింది. అసలు బొమ్మలు గీయడం నేర్చుకున్నదే ఆ బాతును చూసి. కిందటి వారం అయిదో భాగం వచ్చింది. అందులో తాత లేడు. ఆయన చోట నున్నగా గీసుకున్న మొహంతో ఒక యువకుడు, చేతిలో తుపాకీ. బాతు ఊసే లేదు.

"చూడు బాబాయ్! పన్నెండేళ్ళు దీపం ఆరకుండా చూసుకున్నవాడికి ఇదా మర్యాద? పోనీ చచ్చిపోయాడని చెప్పినా ఓ ఏడుపు ఏడ్చి ఊరుకునేదాన్ని!"

"ఆటే కదమ్మా" అన్నాడు ఓవెన్ దగ్గర పనిచేసే బాబాయ్.

"ఆటేనా? రేపొచ్చేసరికి నీ ఓవెన్ పీకేసి ఇంకోటి పెడితే ఊరుకుంటావా?"

బాబాయ్ ఓవెన్ వైపు ఒకసారి చూసుకుని, ఊరుకోనని ఒప్పుకున్నాడు.

ఆర్డరు కాగితంలో ఉన్నట్టే తుపాకీతో సహా ఆ యువకుడి బొమ్మ వేయడం పూర్తయింది. ఆ బోసి పెదవిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. చిన్న మీసమే కదా అని చాక్లెట్‌తో ఒక గీత గీసింది. లేత మొహానికి మీసం అతికినట్టు లేదని నాలుగు ముడతలు పెట్టింది. ముసలాయన చేతిలో తుపాకీ అసహ్యంగా ఉందని లాంతరు పెట్టింది. లాంతరు వెలుగు దేనిమీదో పడాలి కదా, పక్కన బాతు వచ్చింది. బాతుకు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళకు చోటు కోసం కేకు ఇంకో అంతస్తు లేచింది, పెట్టె మూత పట్టలేదు.

అప్పుడే లోపలికి వచ్చిన ఓనరమ్మ ఆర్డరు కాగితంలోని యువకుణ్ణి, కేకు మీది ముసలాయన్ను మార్చి మార్చి చూసింది. క్రీమక్క నోరు విప్పేలోపే కంపెనీకి ఫోను చేసింది. "ఏమండీ, తాతా బాతూ ఉండాలా, అక్కర్లేదా?"

వారం రోజులుగా అభిమానుల తిట్లు తింటున్న రిసెప్షన్ అమ్మాయికి ఇది నూట ఒకటో ఫోను. "తాత కావాలి, బాతు కావాలి. తెలుసండీ, మాకూ తెలుసు!" అని విసురుగా పెట్టేసింది.

"తాతే కావాలట. ఈ కాగితమే తప్పు" అంది ఓనరమ్మ. జన్మలో మొదటిసారి క్రీమక్క భుజం తట్టి, కేకుతో పాటు ఆమెనూ వ్యానెక్కించింది.

కంపెనీ హాల్లో కేకు మీద గుడ్డ తీయగానే చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ ఆటను సృష్టించిన పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ముందుకు వచ్చాడు.

"ఎవరు చేశారిది?"

ఉద్యోగం ఎలాగూ ఊడిందని క్రీమక్కకు అర్థమైపోయింది. "నేనే! మీరు తోసేసినవాళ్ళని నేను తెచ్చాను. మీకు మనసెలా వచ్చిందండీ? మా ఇంట్లో మనిషిలాంటి బాతు అది!"

ఆయన వంగి బాతును పరీక్షగా చూశాడు. మొహం జేవురించింది. "దీనికి కుడికాలు కుంటి. నువ్వు రెండూ తిన్నగా పెట్టావు. పన్నెండేళ్ళు ఆడి ఆ మాత్రం చూడలేదా?"

"చూశాను. కుంటింది చాల్లే అని నేనే బాగుచేశాను."

"నీ ఇష్టమేనా? ఆ బాతు నాది!"

"కేకు నాది!"

ఓనరమ్మ కళ్ళు మూసుకుంది. పెద్దాయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "వారం నుంచి నేనూ అందరికీ ఇదే చెప్తున్నాను, ఆట నాది అని. వినేవాళ్ళకి ఎంత కాలుతుందో ఇప్పుడు తెలిసింది."

"మరి తాతని ఎందుకు తీసేశారు?"

"పన్నెండేళ్ళు అదే మీసం గీశానమ్మా. ఇక నా వల్ల కాలేదు."

రోజుకు నలభై గులాబీలు, అన్నీ ఒకేలా వేసే క్రీమక్కకు ఆ మాట బాగానే అర్థమైంది. కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

"క్షమించండి సార్, రేపట్నుంచి ఈవిడ పనిలో ఉండదు" అంది ఓనరమ్మ.

"అదేంటి? వచ్చే ఏడాది మా కేకు ఎవరు పాడుచేస్తారు?" అన్నాడాయన, నవ్వకుండానే.

తరువాత కేకు కోసి అందరికీ పంచారు. బాతును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆయనే తిన్నాడు, ముందుగా కుడికాలు.