చంద్రప్ప చదివిన పేపరు

చదివింది అర్థం చేసుకోని పిల్లలే ఊరికి శ్రీరామరక్ష! ఈ మాట అన్నందుకు చదువుకున్నవారు నా మీద విరుచుకుపడతారని తెలుసు. పడనివ్వండి. తాండూరు దగ్గర యాలాల్ దాటాక ఉన్న ఒక ఊళ్లో, చంద్రప్ప పటేల్ అనే పెద్దమనిషికి ఒక పంతులమ్మ వల్ల వచ్చిన కష్టం వింటే మీరే నాతో ఔనంటారు.

మునుపు ఆ బడిలో బిచ్చయ్య పంతులు ఉండేవాడు. ఆయన హయాంలో చదువంటే ఎంత హాయి! పంతులు ఒక ముక్క అనేవాడు, పిల్లలందరూ గొంతెత్తి ఆ ముక్కే అనేవారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా పాఠం ఎక్కడా ఆగేది కాదు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా విని మురిసిపోయేవాడు. బడి పక్క ఇళ్లలో తల్లులు ఆ పాట వినిపిస్తూ చంటిపిల్లలను నిద్రపుచ్చేవారు. దీని అర్థమేమిటని అడిగిన పాపాత్ముడు ఒక్కడూ లేడు.

ఆయన రిటైరయ్యాక వికారాబాదు నుంచి రాహేలమ్మ టీచరు వచ్చింది. ఈమెకు పాఠం కంటే పాఠం అయ్యాక అడిగే ప్రశ్నలంటేనే ప్రీతి. "ఎవరు చెప్పిండ్రు? వాళ్లకెట్ల ఎరుక? యాడ రాసున్నదో ఏలు పెట్టి చూపియ్యి." రానిది రాదని చెప్పిన పిల్లను ఏమీ అనదు. వచ్చినట్టు నటించిన పిల్లనే నిలబెడుతుంది. ఇలాంటి విపరీతం ఎక్కడైనా ఉందా?

ఫలితాలు చూడండి. "రైతు నవ్వుచు పొలమునకు పోవును" అని వాచకంలో ఉంటే, హన్మయ్య కూతురు లేచి, "మా నాయిన నవ్వుకుంట పోవుడు నేనెన్నడు జూడలె. గీ రాసినాయన యాడ జూసిండు?" అంది. కిష్టయ్య హోటల్ బోర్డు మీద 'అసలైన నెయ్యి మిఠాయి' అని ఉంటే, పిల్లలు దాని ముందు గుంపుగా నిలబడి అది ఎవరు రాశారని ఆరా తీశారు. "నేనే రాయించిన" అన్నాడు కిష్టయ్య. "గదే మరి" అని వాళ్లు వెళ్లిపోయారు. ఆ రోజు పాపం అతని మిఠాయి మీద ఈగలు తప్ప బేరగాళ్లెవరూ వాలలేదు.

ఇవన్నీ చిల్లర నష్టాలు. అసలు దెబ్బ తగిలింది చంద్రప్పకు.

చంద్రప్ప ఊరికి పేపరు చదివి వినిపించే మనిషి. తాండూరు నుంచి బస్సులో పేపరు రాగానే కిష్టయ్య హోటల్ ముందు బల్ల మీద కూర్చునేవాడు. పొలాల నుంచి వచ్చిన వాళ్లు చుట్టూ చేరేవారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని గొంతు సవరిస్తే హోటల్లో గిన్నెల చప్పుడు కూడా ఆగేది. ఆ మర్యాద కోసం ఆయన పొద్దంతా ఎదురుచూసేవాడు.

చిక్కల్లా ఒక్కటే. చంద్రప్పకు తెలుగు చదవడం రాదు. నిజాం కాలంలో తాండూరు బడిలో ఆయన చదివింది ఉర్దూ. అందులో దిట్ట. ఎంతటి అర్జీనైనా గడగడా చదివి, దాని తిరకాసులన్నీ విప్పి చెప్పేవాడు. సర్కారు మారి పుష్కరం దాటింది. ఊరికి వచ్చే పేపరు తెలుగులోకి మారింది. నెత్తి నెరిసిన మనిషి పలక పట్టి అ ఆలు దిద్దుతాడా? చదువుకున్నాయన ఏదైనా చదువుతాడని ఊరు నమ్మింది. కాదనడానికి ఆయనకు నోరు రాలేదు.

అందుకని చివరి పేజీ తెరిచి, కుడి నుంచి ఎడమకు కళ్లు నడిపిస్తూ, మనసుకు తోచిన వార్త చదివేవాడు. ఎంత మంచి వార్తలవి! ఢిల్లీ బజార్లన్నిటిలో తాండూరు బండలే పరుస్తారట. కందుల ధర పెరగబోతుందట. ఈ ఏడు వానలు మన తాలూకాకే ఎక్కువట. విన్నవాళ్లు ఇంటికి పోయి నిశ్చింతగా పడుకునేవారు. నిజం పేపరు ఏదైనా ఇంత మేలు చేసిందా, చెప్పండి!

ఒక సాయంత్రం ఆయన మనవరాలు అరుణ, రాహేలమ్మ టీచరు దగ్గర మూడో తరగతి చదివే పిల్ల, వచ్చి పక్కన కూర్చుంది. ఢిల్లీ బండల వార్త మంచి పట్టులో ఉంది.

"తాతా, గది యాడున్నది? ఏలు పెట్టి చూపియ్యి."

చంద్రప్ప ఏదో ఒక చోట వేలు పెట్టాడు. పిల్ల వంగి, పెదవులు కదుపుతూ లోలోపలే చదువుకుంది. ఆ వేలి కింద ఉన్నది జుట్టు రాలకుండా కాపాడే నూనె ప్రకటన. అరుణ తల ఎత్తి తాత ముఖంలోకి చూసింది. జనమంతా ఆమె వైపే చూస్తున్నారు. ఇన్నేళ్ల పరువు ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల నోట్లో ఉంది.

"ఇంటికి పోదాం తాతా, ఆకలైతుంది" అంది అరుణ.

దారిలో పిల్ల అడిగింది.

"నువ్వు గా దిక్కుకెల్లి గీ దిక్కుకు సదువుతవెందుకు తాతా?"

"నాకచ్చిన సదువు గట్లనే పోతది బిడ్డా. గీ తెలుగు సదువు నాకు రాదు."

"రాదంటె మా టీచరేమనదు. వచ్చినట్టు జేస్తెనే నిలబెడ్తది."

చంద్రప్పకు ముందు సిగ్గేసింది. ఆ తర్వాత నెత్తి మీది మూట ఎవరో దించినట్టయింది. మనవరాలి చెయ్యి పట్టుకొని ఇల్లు చేరాడు.

మర్నాటి నుంచి పేపరు మొదటి పేజీ వైపు తెరుచుకుంది. అరుణ వేలు పెట్టి చదువుతుంది, తాత విడమరిచి చెబుతాడు. ఎక్కడో వంతెనకు శంకుస్థాపన. ఎవరిదో ఉపన్యాసం. వానలు ఆలస్యం. కందుల ధర పడిపోయింది. వినేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలిన నలుగురిలో హన్మయ్య ఒకనాడు తల గోక్కుంటూ లేచాడు.

"పటేలా, గీ పేపరు మంచిగ లేదు. మునుపచ్చేటి పేపరే తెప్పియ్యరాదు?"

చంద్రప్ప కళ్లద్దాలు తీశాడు. సరేనంటే చాలు, రేపే బల్ల చుట్టూ జనం కిటకిటలాడతారు. గిన్నెల చప్పుడు మళ్లీ ఆగుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఇటు చూస్తే మనవరాలి వేలు కందుల ధర మీద ఆగి ఉంది.

"గా పేపరు బందయింది హన్మయ్యా" అన్నాడు.

అందరూ అయ్యో అన్నారు. మంచి పేపర్లు ఎన్నడూ ఎక్కువ కాలం నడవవని కిష్టయ్య నిట్టూర్చాడు. ఎందుకు బందయిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

కనుక పాఠకులారా, రాహేలమ్మ టీచరు మీద నా ఫిర్యాదు ఇదీ: ఆమె ఆ బడిలో పెద్దవాళ్లను చేర్చుకోవడం లేదు.