లాగుడుకు ముందస్తు ఇత్తిలా

మనుషుల ఎముకలు ఏ అనుమతీ లేకుండా విరగడం, విరిగినవి ఏ పద్ధతీ లేకుండా అతకడం, ఈ రెండు అరాచకాలకూ మన కాలంలో స్వస్తి చెప్పినవారు మా ఆయన. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఇంతవరకు ఆయన ఎవరి ఎముకనూ ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంట్లో వంగిన గొడుగు పుల్ల కూడా మూడేళ్ళుగా అట్లే ఉంది.

మా దబీర్‌పురా చుట్టుపక్కల బెణుకులు, విరుగుళ్ళు చూసేది తాలీంఖానాల్లో కుస్తీ నేర్పే పహిల్వాన్లు. నిజాం సర్కారు లెక్కన 1348 ఫస్లీలో వాళ్ళంతా కలిసి అంజుమన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు, అదే సదర్, గులాం నబీ పహిల్వాన్. ఆయన అరచెయ్యి మా ఇంటి చాటంత ఉంటుంది, అందులో కలం నిలవదు. అందుకని దఫ్తరులో గుమాస్తాగిరీ చేసే మా ఆయన వైకుంఠం గారిని (పేరు రాసినందుకు అత్తగారు క్షమించాలి) మోతమిద్‌గా, అంటే కార్యదర్శిగా తెచ్చుకున్నారు.

మూడు నెలల్లో అంజుమన్ నియమాలు నలభై ఒక్క దఫాలుగా తయారైనాయి. మూడో దఫా ప్రకారం రోగి ‘అబ్బా’ అన్నప్పుడు వైద్యుడు నవ్వరాదు. అయిదో దఫా ప్రకారం కుడి చెయ్యి విరిగినవారు ఆ సంగతి రాసి కుడి చేత్తోనే దస్తఖతు చేయవలెను. (చేయగలిగితే, విరగలేదని తేలినందున, దరఖాస్తు తిరస్కరించబడును.)

మా ఆయనకు ప్రాణం మాత్రం ఏడో దఫా. ‘లాగుడుకు ముందు రోగికి ఇత్తిలా (తెలియజేత) ఇవ్వవలెను. ఒకటి, రెండు, మూడు అని అందరికీ వినబడునట్లు లెక్కించవలెను. మూడుకు ముందు లాగినవారికి ఎముకలు ముట్టే సనద్ (అనుమతి పత్రం) ఉండదు.’

దీని వెనుక ముప్పై నాలుగేళ్ళ చరిత్ర ఉంది. ఎనిమిదేళ్ళ వయసులో ఆయన మోచెయ్యి తప్పితే మాదన్నపేటలో ఎముకలు సరిచేసే పాల బుచ్చమ్మ దగ్గరికి తీసుకపోయినారట. ఆమె “అగో, చెట్టు మీద జామకాయ” అన్నదట. ఈయన తల ఎత్తి చూసేలోపల లాగేసిందట. చెయ్యి బాగైంది. జామకాయ మాత్రం లేదు. అసలు అక్కడ జామచెట్టే లేదు. ఆ మోసం ఆయన ఇంతవరకు మరిచిపోలేదు.

దఫా అమలులోకి వచ్చింది. ఒకటి అనగానే రోగి ఊపిరి బిగబట్టేవాడు. రెండుకు పళ్ళు బిగించేవాడు. మూడుకు లాగితే మనిషంతా వచ్చేవాడు, ఎముక వచ్చేది కాదు. దీన్ని విచారించడానికి లెక్కింపు ఉపసంఘం వేశారు. రోగి మాతృభాషలో లెక్కపెడితే భయం తగ్గుతుందని వాళ్ళు తేల్చారు. కన్నడం వచ్చినవారు దొరక్క ఒకాయన మూడు రోజులు మా వాకిట్లో చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు కనబడలేదు. మాదన్నపేటలో, బుచ్చమ్మ బర్రెల కొట్టం దగ్గర తేలాడు.

అందరూ అక్కడే తేలుతున్నారని తెలిసి అంజుమన్ నొచ్చుకుంది. బుచ్చమ్మ శుక్రవారం నాడు హాజరై, ఇకమీద ఎవరి ఎముకా ముట్టనని వేలిముద్ర వేయవలెనని మా ఆయన కాగితం రాశారు. (ఆమె పోసిన పాలతో కాచిన చాయ్ తాగుతూనే రాశారు.)

గురువారం మధ్యాహ్నం ఆ కాగితానికి నంబరు వేయడానికి అటక మీది దఫాల రిజిస్టరు దించబోయి మా ఆయన స్టూలు మీదినుంచి పడ్డారు. రిజిస్టరుకు ఏమీ కాలేదు. ఆయన కుడి భుజం కీలు జారింది.

కబురు అందగానే గులాం నబీ పహిల్వాన్ స్వయంగా వచ్చాడు. “మోతమిద్ సాబ్, ఇత్తిలా ఇస్తున్న. ఏక్...”

“ఆగు భాయ్! తెలుగుల లెక్కపెట్టు.”

“ఒకటి... రెండు... అరె, గిట్ల రాయి లెక్క బిగుసుకుంటే ఎట్ల సాబ్?”

“నేనేడ బిగుసుకున్న? నువ్వు మూడు అను!”

మూడు సార్లు మూడు అన్నాడు. మూడోసారికి మంచం గోడ దగ్గరినుంచి వాకిలి దాకా వచ్చింది. పహిల్వాన్ చెమట తుడుచుకుని, “అమ్మా, దఫా లేకుంటే చిటికెల పని” అని నాతో మెల్లగా అన్నాడు. అన్నాక, సదర్‌గా అట్లా అనవచ్చునో లేదోనని భయపడ్డాడు.

అప్పుడే బుచ్చమ్మ సాయంత్రం పాలు పోయడానికి వచ్చింది. మా ఆయన భుజం చూసింది, నా మొహం చూసింది, చెంబు కింద పెట్టింది.

“నేను ముట్టద్దు గద బాపూ, నాకు సనద్ లేకపాయె. రేపు ఏలుముద్ర ఎయ్యాల్నట గద?”

“ఆఁ, వెయ్యాలె,” అన్నారు మా ఆయన పళ్ళ బిగువున.

నాకు ఎముకల సంగతి తెలియదు. ఆయన సంగతి తెలుసు. “బుచ్చమ్మా, ఏడో దఫాలో ఏదో తప్పున్నదన్నావట, ఏంది?” అని అడిగాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. మంచం పక్కకు వచ్చి కూర్చుంది. “ఔనమ్మా. మస్తు పెద్ద తప్పు.”

“తప్పా? నా దఫాలనా?” మా ఆయన మెడ రిజిస్టరు వైపు తిరిగింది. “సదర్ దస్తఖతు పడ్డంక తప్పెట్ల ఉంటది? ఏడున్నదో చూపియ్యి! ‘లాగుడుకు ముందు రోగికి...’”

టక్కుమంది.

గులాం నబీ పహిల్వాన్ దూలాలు లెక్కపెడుతున్నాడు, సదర్‌గా ఏమీ చూడలేదు. మా ఆయన చెయ్యి ఎత్తారు, దించారు, మళ్ళీ ఎత్తారు.

“తప్పు ఏడున్నది?” అన్నారు చివరికి.

“నాకు సదువొస్తదా బిడ్డా.”

“ఆనాడు జామకాయ గూడ లేకుండె.”

“లేకుండె,” ఒప్పుకుంది బుచ్చమ్మ. “రేపు రావాల్నా మరి?”

ఆయన రిజిస్టరు తెరిచి కుడి చేత్తోనే ఏడో దఫా మీద అడ్డంగా గీత గీశారు. ఎంత తిన్నగా వచ్చిందో చూసుకున్నారు. “రా. సనద్ తీసుకపో,” అన్నారు. తరువాత, వాకిట్లోకి వినబడేటట్లు, “నాదే తప్పు,” అన్నారు.

పదిహేడేళ్ళ కాపురంలో ఆ మాట వినడం నాకు అదే మొదలు. ముందస్తు ఇత్తిలా ఏమీ లేదు. ఉండి ఉంటే నేనూ బిగుసుకునేదాన్ని.