మూడో దీపస్తంభం దగ్గర ఆగిపోయే బండి

“ఈ భూమ్మీద పట్టుబడకుండా తిరుగుతున్న నేరస్థులందరూ ఒక్క విషయంలో అదృష్టవంతులు బావా. నేనింకా రంగంలోకి దిగలేదు!”

కార్బొరేటర్ విప్పి, పాత పేపరు మీద ముక్కలు పరుచుకుని కూర్చున్న మెకానిక్ ఆ మాటకి తలైనా ఎత్తలేదు. బావమరిది ఇలాంటి ప్రకటనలు వారానికి రెండైనా చేస్తుంటాడు. పోయిన వారం ఇంట్లో కత్తెర కనపడకపోతే ‘ఆయుధాల ముఠా’ అన్నాడు. తీరా అది వాళ్ళక్క కుట్టుమిషను సొరుగులో దొరికింది. అప్పుడైనా ఓడిపోయానని ఒప్పుకున్నాడా? అబ్బే! ముఠా భయపడి తిరిగి పెట్టేసిందన్నాడు.

ఇతగాడు పగలంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు తుడుస్తాడు. అక్కడ పగిలిన భూతద్దం ఒకటి పారేస్తుంటే తెచ్చి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచీ అతని పేరే భూతద్దం అయిపోయింది. అద్దె పుస్తకాల కొట్లో ఉన్న డిటెక్టివ్ నవలలు రెండొందల పైచిలుకు నమిలేశాడు. ఆ కొట్లోవి వంద చేతులు మారిన పుస్తకాలు, ఒక్కదానికీ చివరి పేజీ ఉండదు. అందుకే మనవాడికి అనుమానించడం వచ్చినంత బాగా తేల్చడం రాదు. పైగా, చివరి పేజీ లేకపోవడమే గొప్ప కేసు లక్షణమని గట్టి నమ్మకం.

“ఒరేయ్, నువ్వు రంగంలోకి తర్వాత దిగుదువుగాని. ఇక్కడ నా పరువు పోయేట్టుంది” అన్నాడు మెకానిక్.

ఊరికే అన్నమాట కాదు. పదిహేనేళ్ళుగా ఆ షెడ్డులో ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే మనిషని అతనికి పేరు. అలాంటిది, మందుల కంపెనీ రెప్ గారి పాత బండి నెల నుంచీ అతన్ని ఏడిపిస్తోంది. పొద్దున్నే చక్కగా స్టార్టవుతుంది, సిగ్నల్ దాటుతుంది, వంతెన ఎక్కుతుంది, సరిగ్గా మూడో దీపస్తంభం దగ్గర టక్కున ఆగిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు ఇదే తంతు. మెకానిక్ నాలుగు ఆదివారాలు దాన్ని విప్పాడు, కడిగాడు, బిగించాడు. తనే ఆ వంతెన మీద పదిసార్లు తిప్పి చూశాడు. మచ్చుకైనా ఆగలేదు. సోమవారం రెప్ ఎక్కగానే మళ్ళీ మూడో స్తంభం!

దానికి తోడు ఇంకో అవమానం. రెప్‌కి ఒక నేస్తం ఉన్నాడు, ఇంకో మందుల కంపెనీ మనిషి. ఇద్దరూ రోజూ బళ్ళ మీద పక్కపక్కనే కబుర్లాడుకుంటూ పోతారు. బండి ఆగినప్పుడల్లా ఆ నేస్తం వెనక్కొచ్చి, వంగి, ఇంజన్ని అలా నిమిరి “ఇప్పుడు కొట్టు” అంటాడట. ఒక్క కిక్కుకే స్టార్ట్!

నిన్న సాయంత్రం రెప్ వచ్చి మొహం మీదే అనేశాడు. “మేస్త్రీ, స్పానర్ పట్టడం రాని మావాడు రెండు నిమిషాల్లో చేస్తున్నాడు, మీరు నెల నుంచీ చేస్తున్నారు. ఇంకొక్కసారి ఆగిందంటే మా ఆఫీసు బళ్ళన్నీ వేరే షెడ్డుకి పోతాయి. ఏమనుకోకండి, వయసు మీద పడుతోందేమో చూసుకోండి.”

ఆ చివరి మాట మెకానిక్‌కి బాగా గుచ్చుకుంది. రాత్రి ముద్ద మింగుడు పడలేదు. అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. నిజంగానే చేతిలో పని పోయిందా?

“ఇది రిపేరు కాదు బావా, హత్యాప్రయత్నం!” భూతద్దం నోటుబుక్కు తీశాడు. “మొదటి అనుమానం ఎవరిమీదో తెలుసా?”

“ఎవరిమీద?”

“నీమీద.”

“నువ్వు నా బావమరిదివిరా!”

“చట్టం ముందు చుట్టాలుండరు. నాలుగు ఆదివారాలు ఆ బండి దగ్గర ఏం చేస్తున్నావు?”

“రిపేరు చేస్తున్నాను.”

“అందరూ అలాగే అంటారు” అంటూ రాసుకున్నాడు భూతద్దం. అరగంట ప్రశ్నలేసి, మెకానిక్ స్పానర్ ఎత్తాక, “సరే, వదిలేశాను” అన్నాడు.

ఇంతలో బండి తీసుకెళ్ళడానికి రెప్ రానే వచ్చాడు. భూతద్దం ఎదురెళ్ళి అతని చొక్కా గుండీలు పరీక్షించాడు.

“మీకు శత్రువులు ఎంతమంది?”

“నాకా? శత్రువులేంటండీ! నేను సరదా మనిషిని. దారిపొడుగునా నేనూ మా నేస్తం ఎంత నవ్వుకుంటామో! పోయిన నెల, బండి మీద పోతూ పోతూనే వాడి హెల్మెట్‌ని వెనక నుంచి ఒక్క తోపు తోశాను. కళ్ళ మీదికొచ్చేసింది. ఓ క్షణం గుడ్డివాడిలా నడిపాడు!”

“ప్రమాదం కద్సార్?” అన్నాడు మెకానిక్.

“తెలిసినవాళ్ళ మధ్య ఏముంది మేస్త్రీ? ఎవరికీ ఏమీ కాలేదుగా.”

భూతద్దం ఇదంతా శ్రద్ధగా రాసుకుని, మళ్ళీ చదువుకుని, ‘కేసుకి సంబంధం లేదు’ అని అడ్డంగా కొట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“వంతెన కింద శత్రువు దాక్కున్నాడు. వాడి దగ్గర అదృశ్య కిరణాల యంత్రం ఉంది. మూడో స్తంభం దగ్గరికి రాగానే మీట నొక్కుతాడు. నేను చదివిన పుస్తకంలో అచ్చం ఇలాగే జరిగింది.”

“చివరికి ఎలా పట్టుకున్నారు?” అన్నాడు రెప్.

“చివరి పేజీ లేదండీ. అందుకే రేపు మీ కోటు, మీ హెల్మెట్, మీ మందుల సంచీ నాకివ్వండి. మీ వేషంలో ఆ బండి మీద నేను పోతాను. మీరు బావతో వెనకాల రండి.”

మెకానిక్ తల పట్టుకున్నాడు. అయితే కారణం తేలకపోతే షెడ్డు పేరు పోయినట్టే, అందుకని ఒప్పుకున్నాడు. పొద్దున బయల్దేరేటప్పుడు పెళ్ళాం గుమ్మంలో నిలబడి, “మా తమ్ముడికి చిన్న గీత పడిందా, నిన్ను గడప తొక్కనివ్వను” అని మరీ పంపింది.

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం. ముందు వరసలో భూతద్దం, అతని ఎడమ పక్కకి వచ్చి ఆగిన నేస్తం. “ఏంటి, పొద్దున్నే మాటల్లేవు?” అని నేస్తం అడగడం, భూతద్దం హెల్మెట్లోంచి దగ్గడం మెకానిక్‌కి వినపడ్డాయి. అంతలో ఇటుకల లారీ ఒకటి మధ్యలోకి వచ్చి నిలబడింది. ఆ తర్వాత ఏమీ కనపడలేదు.

పచ్చదీపం పడింది. లారీ వెనకే మెకానిక్ బండి వంతెన ఎక్కింది. ఒకటో స్తంభం. రెండో స్తంభం. ఉన్నట్టుండి లారీ కీచుమంది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి గలగలా జారాయి, టైర్లు కాలిన వాసన కొట్టింది. మెకానిక్ బండిని పక్కకి లాగి పడేసి పరుగెత్తాడు. వెనకే రెప్.

మూడో దీపస్తంభం. లారీ బంపరుకీ బండి వెనక చక్రానికీ మధ్య జానెడు ఖాళీ. బండి స్టాండు మీదే ఉంది. దాని పక్కన, రోడ్డు మీద, హెల్మెట్‌తో సహా వెల్లకిలా పడున్నాడు భూతద్దం.

మెకానిక్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనే రెప్ మొహం తెల్లగా పాలిపోయింది. ఆ కోటు తనది, ఆ హెల్మెట్ తనది, ఆ బండి తనది.

నేస్తం మాత్రం స్తంభం అవతల తన బండి ఆపుకుని నవ్వుకుంటూ వచ్చాడు. “మళ్ళీ ఆగిందా బ్రదర్? ఈసారి పడుకుని మరీ వెతుకుతున్నావే!” అంటూ వంగి, ట్యాంకు మీంచి వేలాడుతున్న మందుల సంచీ కిందికి చెయ్యి పోనిచ్చాడు.

అప్పుడు రోడ్డు మీంచి గొంతు లేచింది.

“బావా! తొందరగా రా! కిరణం నడుమెత్తులో వస్తుందని నేను పడుకుంటే, ఈయనెవరో వచ్చి బండి బాగుచేసేశాడు! ట్యాంకు కింద చిన్న పిడి ఉంది, దాన్ని ఇలా తిప్పాడు, అంతే! గొట్టంలోంచి పెట్రోలు జరజరా దిగుతోంది. నెల నుంచీ చేస్తున్నావు, కాస్త చూసి నేర్చుకో!”

మెకానిక్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాంతోపాటే సంగతీ అర్థమైపోయింది.

“పెట్రోలు ట్యాపు!” అన్నాడు. “సిగ్నల్ దగ్గర కబుర్లు చెబుతూ మూసేస్తున్నారు కదూ? కార్బొరేటర్లో మిగిలిన చుక్కతో బండి మూడో స్తంభం దాకా వస్తుంది. ఆగాక మీరే వచ్చి తెరుస్తున్నారు.”

నేస్తం తలెత్తాడు. నిలబడున్న రెప్‌నీ, పడుకున్న రెప్‌నీ మార్చి మార్చి చూశాడు. “నువ్విక్కడుంటే... వీడెవడు? అయినా సరదాకిరా! నువ్వు నా హెల్మెట్ తొయ్యలేదూ, దానికిది. బండి ఆగుతుంది, అంతేగా! ఇందులో ఏముంది?”

మెకానిక్ లారీ మెట్టెక్కి లోపలికి తొంగి చూశాడు. డ్రైవరు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

“అన్నా, కిందికి దిగండి. కాసిని మంచినీళ్ళు తాగుదురుగాని.”

“దిగలేను తమ్ముడూ. కాలు బ్రేకు మీంచి రావట్లేదు.” డ్రైవరు అద్దంలోంచి ముందుకి చూశాడు. “ఆ మనిషి ఉన్నాడా?”

“ఉన్నాడన్నా. ఏమీ కాలేదు.”

“ఒక్కసారి లేచి నిలబడమను. నేను చూడాలి.”

భూతద్దం లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, సెల్యూట్ కొట్టాడు. అప్పుడు గానీ డ్రైవరు స్టీరింగు వదల్లేదు. వదిలి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు.

నేస్తం ట్యాపు తిప్పిన చెయ్యిని ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. రెప్ అతని పక్కకెళ్ళి మెల్లిగా అన్నాడు. “పోయిన నెల నీ హెల్మెట్ తోసినప్పుడు, నీ వెనకాల ఏ బండి వస్తోందో నేనూ చూడలేదురా.” ఆ రోజు ఇద్దరూ బళ్ళు తోసుకుంటూనే వంతెన దిగారు.

జరిగిందేమిటో భూతద్దానికి మూడుసార్లు విడమరిచి చెప్పాల్సొచ్చింది. మూడోసారి విన్నాక “ఇది నాకు మొదట్నుంచీ తెలుసు” అన్నాడు.

సాయంత్రం రెప్ షెడ్డుకొచ్చి, “వయసు గురించి నోరు జారాను మేస్త్రీ, క్షమించండి” అని మెకానిక్ చేతులు పట్టుకున్నాడు, ఆ గ్రీజుతోనే. అతను వెళ్ళాక భూతద్దం నోటుబుక్కులో కేసంతా రాసి, చివరి పేజీ పర్రుమని చింపి పారేశాడు.

“అదేంట్రా?”

“గొప్ప కేసులన్నిటికీ అంతే బావా” అంటూ ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయాడు.

మెకానిక్ ఆ కాగితం ఏరి చదివాడు. “నేరం చేసింది ఒక చెయ్యి. ఎవరిదో రాయను, పాపం ఏడ్చాడు. బండిలో ఏ లోపమూ లేదు. మా బావ చేతిలో అసలే లేదు. ఈ సంగతి మొదటి రోజే తేలింది. అరగంట సేపు ఎంత అనుమానించినా కుదరలేదు.”

మెకానిక్ దాన్ని రెండోసారి చదువుకున్నాడు. తర్వాత వెనకవైపు కాస్త గ్రీజు రాసి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా షెడ్డు గోడకి అంటించాడు.